సీటు కింద ఎర్రగుడ్డ మూట

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి. అది మాత్రం లోపలికి దిగదు, పైకి రాదు. మీలో కొందరు నన్ను ఎరుగుదురు. తాయెత్తుల మీద, శకునాల మీద, గుమ్మాలకు కట్టే నిమ్మకాయల మీద నేను రాసినవి చదివి ఉత్తరాలు రాసినవాళ్లూ ఉన్నారు. ఇవాళ దీని కింద ఆ పేరు ఉండదు. పెట్టే ధైర్యం లేదు, అంతే. ధైర్యం గురించి ఇతరులకు చాలాసార్లు బోధించాను.

విషయం సైకిలుతో మొదలైంది. నవ్వు వస్తే నవ్వండి. నవ్వవలసిన భాగం ముందే ఉంది.

రాయగడలో మేం నలుగురం ఆదివారాలు సైకిళ్ల మీద దూరాలు వెళ్లేవాళ్లం. పని మీద కాదు, సరదాకి. ఊళ్లో ఇది పిచ్చిగా కనిపించేది. సైకిలు ఉన్నవాడు సంతకు వెళ్తాడు, కచేరీకి వెళ్తాడు. చెమటలు కక్కుతూ కల్యాణసింగ్‌పూర్ దాకా పోయి, ఒక టీ తాగి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాణ్ణి ఏమంటారు? పంతులుగారు ఎస్టేటు కచేరీలో పెద్ద గుమాస్తా, యాభై దాటినవారు. సూరినాయుడికి స్టేషను దగ్గర బట్టల కొట్టు. నేను హైస్కూలు మేష్టర్ని. నాలుగోవాడు గున్నయ్య, చింతపండు గోదాములో తూకం వేసేవాడు. గుణుపురం వైపు రైతు కుటుంబం. అతని సైకిలుకి మడ్‌గార్డులు కూడా లేవు.

కల్యాణసింగ్‌పూర్ దారిలో ఒక ఎత్తు ఉంది. మెల్లగా మొదలై చివరి మూడు మలుపుల్లో ప్రాణం తోడేస్తుంది. అక్కడ దిగిపోయి కాలు నేల మీద పెట్టినవాడు ఆ పూట అందరి సైకిళ్లూ తుడవాలి. అదీ మా కట్టడి. సూరినాయుడు వేళాకోళానికి పెట్టాడు. కానీ ఆ తుడిచే గుడ్డముక్క నాకు వారం మధ్యలోనే గుర్తొచ్చేది.

ఆ ఎత్తు దగ్గర మా అసలు బుద్ధులు బయటపడేవి. పంతులుగారికి ఎప్పుడూ ఎదురుగాలే. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడూ ఎదురుగాలి. పాపం ఆ గాలి ఆయన కోసమే దిక్కు మార్చుకునేది. సూరినాయుడికి సరిగ్గా రెండో మలుపులో ఎవరో ఒక తెలిసిన మనిషి కనిపించి పలకరించవలసి వచ్చేది. ఇక నేను? నేను వారమంతా తెల్లవారుజామున ఎవరూ చూడకుండా స్టేషను అవతల తొక్కి, ఆదివారం నాడు "ఈ వారం సైకిలు తాకనేలేదు" అనేవాణ్ణి. ఇంట్లో తలుపు వేసుకుని పిక్కలను దారంతో కొలుచుకునేవాణ్ణి. మూడో మలుపులో ఊపిరి అందకపోతే మడమతో చైను తోసేసేవాణ్ణి. చైను ఊడితే దిగక తప్పదు కదా. ఊడిన చైనుకి శిక్ష లేదు. చేతికి అంటిన నల్ల గ్రీజు నాకు సాక్ష్యం. దాన్ని వెంటనే తుడుచుకునేవాణ్ణి కూడా కాదు.

గున్నయ్య ఒక్కడే దిగేవాడు కాదు. పైకి చేరి, మా కోసం ఒక రాతి మీద కూర్చునేవాడు.

నేను హేతువాదిని. ప్రతి కార్యానికీ కారణం ఉండాలి. అతను గోదాములో ఉండగా అతని సైకిలు వెనక చక్రం పళ్లు లెక్కపెట్టాను. పద్దెనిమిది. నావీ పద్దెనిమిదే. లారీ గొలుసు పట్టుకుని ఎక్కుతాడేమోనని ఒక ఆదివారం కావాలని వెనకబడి చూశాను. ఆ దారిలో లారీయే లేదు. పైగా అతని సైకిలు నా సైకిలు కంటే బరువు. ఇక మిగిలిన కారణం ఒక్కటే. అతను నా కంటే బలమైనవాడు. హేతువు దొరికింది. నాకు నచ్చలేదు.

ఎందుకు నచ్చలేదు? మనుషులంతా సమానమని వేదికలెక్కి చెప్పినవాడికి, ఒక తూకందారు తన కంటే ముందు కొండ ఎక్కితే ఏం పోయింది? అతని సైకిలు తుడవవలసి వస్తుందన్న ఆలోచనకే ఒళ్లు ఎందుకు మండింది? ఈ ప్రశ్న అప్పుడు వేసుకుని ఉంటే ఇవాళ ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

ఒక ఆదివారం ఎత్తు మీద, నా గ్రీజు చేతులు చూసి గున్నయ్య అన్నాడు: "మేష్టారూ, మీ సైను ఎప్పుడూ మూడో మలుపులోనే ఊడతాదేటండీ?"

సూరినాయుడు పగలబడి నవ్వాడు. "ఆ సైనుకి సదువెక్కువ గున్నయ్యా, మలుపులు లెక్కెడతాది!"

గున్నయ్య నవ్వలేదు. "లక్ష్మివారం నాకాడ ఒగ్గేయండి. బిగించి ఇస్తాను. సక్రం కూడా వంకరుంది," అన్నాడు.

అది ఎత్తిపొడుపా, మంచితనమా? మూడు రోజులు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. కనిపెట్టేశాడా? కనిపెట్టి నలుగురిలో చెప్పడానికి సమయం కోసం చూస్తున్నాడా? ఇవ్వకపోతే అనుమానిస్తారు. గురువారం సైకిలు ఇచ్చాను. శుక్రవారం తీసుకున్నాను. చైను బిగుతుగా ఉంది. మడమతో తోసి చూశాను. కదల్లేదు. నా సాకు పోయింది.

శనివారం రైలెక్కి మునిగుడ వెళ్లాను. అక్కడ సంతలో వేళ్లూ మూలికలూ ఇచ్చి మంత్రం వేసే ముసలివాడు ఒకడు కూర్చుంటాడు, గునియా అంటారు. అలాంటివాళ్ల మీద నేను మూడు వ్యాసాలు రాశాను. మునిగుడలో నన్ను ఎవరూ ఎరగరని వెళ్లాను. కాళ్లలో సత్తువ కావాలన్నాను. అతను ఒక వేరుముక్క ఎర్రగుడ్డలో చుట్టి, బరువు ఆనే చోట కట్టుకోమన్నాడు. దాన్ని తెచ్చి సీటు కింద, రెండు స్ప్రింగుల మధ్య, నా చేతులతో కట్టాను. నమ్మి కట్టానా? నమ్మలేదు. నమ్మకపోతే మూడు ముడులు ఎందుకు వేశాను? రెండు చాలవా?

ఆదివారం ఆ ఎత్తు దిగకుండా ఎక్కాను.

బిగించిన చైను, వంకర తీసిన చక్రం నన్ను పైకి చేర్చాయి. ఇది ఇవాళ తెలుసు. ఆ రోజు మూడో మలుపు దాటుతుంటే నా మనసు సీటు కింద ఉంది. గున్నయ్య రాతి మీద నుంచి లేచి, "అదీ మేష్టారూ, అదీ!" అని చప్పట్లు కొట్టాడు. పంతులుగారు ఎదురుగాలిని తిట్టుకుంటూ వెనక నడిచి వస్తున్నారు. అంత సంతోషం నాకు ఏ సభలోనూ కలగలేదు.

టీ దుకాణం దగ్గర నా వెనక ట్యూబులో గాలి పోయి ఉంది. నేను లోపల గొప్పలు చెప్పుకుంటూ ఉండగానే సూరినాయుడు సైకిలును తలకిందులుగా తిప్పేశాడు.

"ఇదేటి మేష్టారూ? మీ సైకిలుకి మొలతాడా?"

అందరూ చూశారు. ఎర్రగుడ్డ. మూడు ముడులు. టీ కాసేవాడు చేతిలో గిన్నె పట్టుకునే వచ్చి చూశాడు.

"ముట్టుకోకు నాయుడూ," అన్నారు పంతులుగారు. "ఎవరో ఏదో చేయించినట్టుంది."

ఆయన నాకు దారి చూపించారు. నిజం చెబితే ఏమయ్యేది? నవ్వేవారు. నెల రోజులు నవ్వేవారు. ఎక్కిన ఎత్తు కూడా వేరుముక్క ఖాతాలోకి పోయేది. అంతే. నవ్వు తప్ప మరేం లేదు. ఆ నవ్వుకి జడిసి నేను రెండు వాక్యాలు పలికాను.

"నాకు తెలియదు. గురువారం సైకిలు గున్నయ్య దగ్గర ఉంది."

మొదటిది అబద్ధం. రెండోది నిజం. విషం రెండోదానిలో ఉంది. గున్నయ్య ఇది కూడా వేళాకోళమనుకుని నవ్వాడు. "నాను సైను బిగించేను గానీ..." అంటూ చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. అతని నవ్వు ముఖం మీద అలాగే కాసేపు ఉండిపోయింది.

మా వైపు చిల్లంగి అనే మాట ఎంత బరువో మీకు తెలుసు. ఎవడైనా ఇతరుల మీద చేతబడి చేయిస్తాడని పేరు పడితే, అతని నీళ్లు తాగరు, అతని నీడ తొక్కరు. పేరు ముదిరితే మంత్రం పలక్కుండా పళ్లు రాలగొడతారు. సూరినాయుడు ఆ సంగతి తన కొట్లో చెప్పాడు, సాయంత్రానికి అది గోదాము చేరింది. ఆ వారంలోనే గున్నయ్య పక్కింటి బిడ్డకు జ్వరం వచ్చింది. వానల కాలంలో ఏ ఇంట్లో లేదు జ్వరం? కానీ జనానికి కారణం దొరికింది. ఆ కారణం నేను అందించినదే. నూతి దగ్గర అతని భార్య బిందె పెడితే తక్కిన ఆడవాళ్లు తమ బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయారట. గోదాము యజమాని తూకం మరొకరికి అప్పగించాడు.

ఒకరోజు పొద్దున్నే గున్నయ్య మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అరుగు కింద నిలబడ్డాడు.

"మేష్టారూ, రేపు నలుగురూ కూకుంటారంట. పళ్లు రాలగొడతామంటన్నారు. మీ మాటయితే ఇంటారు. మీరొచ్చి ఓ మాట సెప్పండి."

"చెబుతాను గున్నయ్యా. చిల్లంగి అన్నదే లేదని చెబుతాను. వ్యాసం కూడా రాస్తున్నాను. గట్టిగా రాస్తున్నాను."

"యాసం నానేటి సేసుకోను బావూ? సిల్లంగి ఉందో నేదో మీలాటి సదూకున్నోల్లకి తెలుస్తాది. నాను కట్టనేదని సెప్పండి. అదొక్కటి సాలు."

"అసలు లేని శక్తిని నువ్వు ప్రయోగించావా లేదా అన్న ప్రశ్నే పుట్టదు కదా. అది రుజువు చేస్తే నీ మీద నింద దానంతట అదే పోతుంది."

అతను తలెత్తి నన్ను చూశాడు.

"శక్తి నేకపోతే నేకపోనీండి," అన్నాడు. "గుడ్డ ఉంది కదండి. కట్టినోడు ఉన్నాడు కదండి."

తెలుసా అతనికి? తెలిసే వచ్చాడా? తెలిసి కూడా, నన్ను బయటపెట్టకుండా, నా నోటితోనే తన మీది నింద వదిలించుకుందామని వచ్చాడా? పదకొండేళ్లుగా ఆ చూపును విప్పి చూస్తున్నాను. తేలదు. తెలియదనుకుంటే నాకు హాయి. అందుకే అతనికి తెలుసునని అనుకుంటాను.

మర్నాడు నేను ఆ కూటానికి వెళ్లలేదు. ఒంట్లో బాగోలేదని కబురు పంపాను. వాళ్లు కూర్చునే వేళకు అతను లేడు. పెళ్లాం బిడ్డలతో పొద్దుటి బస్సుకే గుణుపురం వైపు వెళ్లిపోయాడు. పారిపోయాడు కనుక చేసినట్టే అన్నారు జనం. మనుషుల తర్కం అలాగే ఉంటుంది అనుకున్నాను నేను, నా గదిలో, కలం చేత పట్టుకుని.

వ్యాసం అచ్చయింది. కారణం వెతకని జనాన్ని అందులో నిలువునా కడిగేశాను. ఊరి పేరు లేకుండా, "ఒక అమాయక కూలివాడు" అని అతన్ని ఉదాహరణగా కూడా వాడుకున్నాను. అది నా రచనల్లో మేలైనదని చాలామంది అన్నారు. ఆ పొగడ్త నేను కాదనలేదు. రెండు చోట్ల సభల్లో పైకి చదివాను. ఒకచోట నా గొంతు వణికింది. జనం దాన్ని ధర్మాగ్రహం అనుకున్నారు.

ఆదివారాలు ఆగలేదు. పంతులుగారికి ఎదురుగాలి, సూరినాయుడికి తెలిసిన మనుషులు, అన్నీ అలాగే ఉన్నాయి. రాతి మీద ఇప్పుడు ముందు కూర్చునేది నేను. గున్నయ్య బిగించిన చైను రెండేళ్ల పాటు ఒక్కసారి కూడా ఊడలేదు.

పోయిన నెల సూరినాయుడు గుణుపురం సంతకు బట్టలు తీసుకెళ్లి వచ్చాడు. వచ్చీ రాగానే నా దగ్గరికి వచ్చాడు. "గున్నయ్య కనిపించేడు మేష్టారూ. ముసలోడైపోనాడు. మాటాడితే నోటికి తువ్వాలడ్డం ఎట్టుకుంటాడు. నవ్వినా నోరు మూసుకునే నవ్వేడు."

నేను ఎదుట ఉన్న కాగితాలు సర్దాను.

"మీ గురించి అడిగేడు. మేష్టారు ఇంకా తొక్కుతున్నారేటి, అని."

ఆ తువ్వాలు వెనక ఏముందో నాకు తెలియదు. పళ్లు ముసలితనానికి కూడా ఊడతాయి. ఈ మాట నాకు ఎంత తొందరగా తోచిందో చూడండి. నింద అతని కంటే ముందే గుణుపురం బస్సు ఎక్కిందేమో. ఆ ఊళ్లో నలుగురూ కూర్చున్నప్పుడు అతని తరఫున మాట్లాడటానికి అక్కడ మేష్టరంటూ ఒకడైనా ఉన్నాడా? ఉంటే, ఆ మేష్టరు కూడా వ్యాసమే రాసుకుంటూ కూర్చున్నాడా?

గుణుపురానికి రోజూ బస్సు ఉంది. నేను వెళ్లలేదు. క్షమించమని అడగడం కూడా అతన్ని మళ్లీ ఏదో ఇమ్మనడమే. అడగను. నా పేరు దాచుకుని అతని పేరు మాత్రం రాశానని మీరు తప్పు పట్టవచ్చు. పట్టండి. నింద ఆ పేరుతో ఊళ్లు తిరిగింది. నిజం పేరు లేకుండా తిరిగితే ఎవరిది అనుకుంటారు?

కనుక, మూఢనమ్మకం గురించి కాకుండా, జనం గురించి కాకుండా, ఒక్కసారి ఒక్క సంగతి గురించి చెబుతున్నాను. ఆ మూట గున్నయ్య కట్టలేదు. నేను తెచ్చాను, నేను కట్టాను, మూడు ముడులూ నావే.

రాశాక ఒంట్లో ఏదో తేలికపడింది. ఆ తేలికను కూడా నేను అనుమానిస్తున్నాను. అయినా మూడు ముడులూ నావేనన్న వాక్యాన్ని కొట్టివేయను.