పెద్దబాపు నోటికి పుల్ల ఐసు పుల్లలు

నా చిన్నప్పుడు మా బెల్లంపల్లిలో, పుల్ల ఐసు తినమని ఇంట్లోవాళ్లే డబ్బులిచ్చి మరీ పంపిన పిల్లను నేనొక్కదాన్నే అయ్యుంటాను. మిగతా పిల్లలు ఐసు అడిగితే వీపు మీద ఒకటి పడేది. నాకు మాత్రం మా పెద్దవ్వే చేతిలో పైసలు పెట్టి, "తిను బిడ్డా, పుల్ల పారేసినవంటే మాత్రం నీ సంగతి చెప్త" అనేది. మా క్వార్టర్ల లైన్లో పిల్లలంతా నన్ను చూసి కుళ్లుకునేవాళ్లు. నా భోగమంతా మా పెద్దబాపు జబ్బు పుణ్యమని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. కానీ తొమ్మిదేళ్ల దాన్ని, ఐసు కరిగి మోచేతి దాకా కారుతుంటే జబ్బు సంగతి ఎక్కడ గుర్తుంటుంది?

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న, పెద్దవ్వ ఆయన భార్య. బొగ్గుగనిలో పనిచేసేవాడు. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఆయనకు పిల్లలు లేరు. మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ పక్కపక్కనే కాబట్టి నేను ఇద్దరిళ్లలోనూ తిని, ఇద్దరిళ్లలోనూ తిట్లు తినేదాన్ని. గనిలోకి బీడీలు, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. నిప్పురవ్వ పడితే లోపలున్న అందరి ప్రాణాలకూ ముప్పే. అందుకే దిగేముందు మనిషి మనిషినీ ఆపి జేబులు తడిమి చూస్తారు. బీడీ కాల్చే వీలు లేక, చాలామందిలాగే ఆయన కూడా తంబాకులో సున్నం నలిపి దవడలో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఏళ్ల తరబడి అదే దవడ, అదే చోటు. చివరకు అక్కడే పుండు లేచింది. ఎన్ని మందులు రాసినా మానలేదు. పట్నం తీసుకుపోతే క్యాన్సర్ అన్నారు.

కోసి, కరెంటు పెట్టి పంపించారు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. జబ్బు పోయిందని డాక్టర్లు చెప్పారట. ఇంటికి వచ్చిన పెద్దబాపును చూస్తే మాత్రం జబ్బు పోయిన మనిషిలా లేడు. నోట్లో ఒక్క వేలు పట్టడమే గగనంగా ఉండేది. అంతకుముందు ఆయన నవ్వితే లైను ఆ చివర కుళాయి దగ్గరున్న ఆడవాళ్లకు వినపడేది. ఇప్పుడు ముఖానికి తువ్వాల చుట్టుకుని, మంచంలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. జావ, గంజి, మజ్జిగ, ఏదైనా గ్లాసుతోనే. చూడవచ్చినవాళ్లు ఎట్లున్నవని అడిగితే చెయ్యెత్తి బాగానే ఉన్నానన్నట్టు ఊపేవాడు. వాళ్లు గడప దాటగానే మళ్లీ గోడవైపు తిరిగేవాడు. నాకు ఆ గోడ మీద చాలా కోపంగా ఉండేది.

డాక్టరు ఒక పని చెప్పి పంపించాడు. బల్లపరుపు పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని కాసేపు ఉండాలి. రోజుకు మూడుసార్లు చెయ్యాలి. అలవాటైన కొద్దీ ఒక్కో పుల్ల పెంచుకుంటూ పోవాలి. చెయ్యకపోతే దవడ అలాగే బిగుసుకుపోతుంది, బతికినన్నాళ్లూ జావే గతి. ఆస్పత్రిలో ఇచ్చిన నాలుగు పుల్లలూ వారంలోనే చీలిపోయాయి. ఆ వంకతో పెద్దబాపు పని మానేశాడు. పెద్దవ్వ బతిమాలింది, తిట్టింది, అలిగింది. గోడ కదిలిందేమో కానీ ఆయన కదల్లేదు.

అప్పుడు పెద్దవ్వకు నా ఐసు పిచ్చి గుర్తొచ్చింది. నేను తిన్న పుల్లలే కాక, బడి ముందు పిల్లలు పారేసినవి కూడా ఏరుకొచ్చి గౌను జేబులో కుక్కుకునేదాన్ని. పెద్దవ్వ వాటిని చూసి ముక్కు మూసుకుని, గిన్నెలో వేసి నీళ్లు తెర్లేదాకా మరిగించి ఎండబెట్టేది. ఒకరోజు పొద్దున ఏడు పుల్లలను దారంతో కట్టి మంచం దగ్గర నిలబడింది.

"నీ పనే నువ్వు మరిచిపోయినవా? కప్పు కిందికి దిగుతాందంటె దుంగ పెట్టకుండ గోడదిక్కు తిరిగి పండుకుంటవా?" అంది.

పెద్దబాపు లేచి కూర్చుని, కట్ట చేతిలోకి తీసుకుని, దుంగను చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశాడు. నోట్లో పెట్టుకున్నాడు. అలా మొదలైంది.

పెద్దవ్వ అంతటితో వదల్లేదు. తంబాకు మళ్లీ ముట్టకుండా నన్ను గడప దగ్గర కాపలా పెట్టింది. ఆయన బయటికి పోయినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా నేను తనిఖీ చెయ్యాలి. ఆయన గనిలో నిలబడ్డట్టే బుద్ధిగా రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు. నేను జేబులు, నడుము దగ్గర పంచె మడతలు, చివరికి తలపాగా కూడా తడిమేదాన్ని. తలపాగా అందడానికి ఆయనే వంగాల్సి వచ్చేది. ఒకసారి జేబులో సున్నం డబ్బీ దొరికింది. తీసి చూస్తే ఖాళీ. "జేబు బోసిగ అనిపిస్తాంది బిడ్డా, గందుకే" అన్నాడు, సగం మాటలు మింగుతూ. నేను కనికరించలేదు. డబ్బీ జప్తు చేసి అందులో బలపాలు దాచుకున్నాను.

ఏడు పుల్లలు ఎనిమిదయ్యాయి, తొమ్మిదయ్యాయి. అన్నం మెత్తగా పిసికితే రెండు ముద్దలు తినగలిగాడు. వానలు మొదలై, బజార్లో బండి మీద మక్కకంకులు కాల్చి అమ్మే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం నన్ను తోడు తీసుకుని నడక్కు బయల్దేరిన పెద్దబాపు ఆ బండి దగ్గర ఆగిపోయాడు. నిప్పుల మీద గింజలు చిటపటలాడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. కొందామా అంటే తల అడ్డంగా ఊపాడు. ఆ రాత్రి నేను గట్టిగా అనుకున్నాను. ఈ వానాకాలం దాటేలోగా పెద్దబాపు కంకి కొరకాలి.

నాకు నోరెంత తొందరో చెయ్యీ అంత తొందర. పదో పుల్ల దగ్గర ఆయన ఆగిపోయాడు. పట్నంలో చూపించుకునే రోజు దగ్గరపడుతోంది. అప్పటికి పన్నెండు కావాలని డాక్టరు అన్నాడట. గనిలో దుంగ నిలబెట్టాక చివర్లో చెక్క చీలిక దిగగొట్టి బిగిస్తారని పెద్దబాపే ఎన్నోసార్లు చెప్పాడు. బిగిస్తే తప్ప పని కాదని నేను అర్థం చేసుకున్నాను. ఒక పొద్దున పది పుల్లల కట్ట విప్పి, ఇంకో రెండు లోపల దూర్చి, దారం బలంగా బిగించి కట్టి చేతికిచ్చాను. ఆయన లెక్క చూసుకోలేదు. నా మీద నమ్మకం మరి.

కట్ట లోపలికి పోవడం పోయింది. ఆయన కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. తీసేసరికి పెదవి చివర నెత్తురు. ఆ పూట నుంచి దవడ వాచి, అయిదు పుల్లలు కూడా పట్టలేదు. మళ్లీ గ్లాసు, మళ్లీ జావ. పట్నం ప్రయాణం వాయిదా పడింది. పెద్దవ్వ కారణం తెలియక దేవుణ్ని తిట్టింది. తిట్లు నాకు తగలాల్సినవని నాకు తెలుసు. జబ్బు తిరిగి వస్తే, పెద్దబాపు చచ్చిపోతే, చంపింది నేనే అనుకున్నాను. పగలంతా క్వార్టరు వెనక వంటబొగ్గు పోసుకునే కొట్టంలో దూరి కూర్చున్నాను. రెండు రోజులు ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయినా బయటికి రాలేదు.

మూడో రోజు పెద్దబాపే వచ్చాడు. బొగ్గు కుప్ప మీద నా పక్కన కూర్చున్నాడు. తువ్వాల చుట్టుకోలేదు. "పన్నెండు ఉండె గదా?" అన్నాడు. నేను బోరుమన్నాను. ఆయన ఏడవనిచ్చాడు. తర్వాత పక్కనున్న కర్ర తీసుకుని గోడ మీద ఒకచోట కొట్టాడు. ఖణ్‌మంది. ఇంకోచోట, సున్నం ఉబ్బినచోట కొట్టాడు. డబ్‌మంది.

"ఇన్నవా? ఇది గట్టి. అది డొల్ల. గనిల దిగంగనే దుంగ పెట్టం బిడ్డా. ముందుగాల కప్పును కొట్టి అడుగుతం. గట్టిగుంటె పని చేస్తం. డొల్లగుంటె ఆగుతం. నువ్వు అడగకుండనే దుంగ బిగిచ్చినవ్. గంతే."

దవడను అరచేత్తో నిమురుకున్నాడు. అంత మాట్లాడటం ఆ దవడకు చాలా ఎక్కువ.

"నేను గుడ తప్పు జేసిన. లోపల డొల్లగున్నా మంచిగున్న మంచిగున్న అని చెయ్యి ఊపుకుంట కూసున్న. కప్పు డొల్లగున్నదని చెప్పినోన్ని గనిల ఎవ్వలూ పిరికోడు అనరు బిడ్డా. చెప్పకుండ దాసినోనితోనే అందరికి పరేషాన్."

మర్నాటి నుంచి మాకో కొత్త పద్ధతి వచ్చింది. పొద్దున గని సైరన్ కూయగానే నేను వెళ్లి ఆయన దవడ మీద రెండు వేళ్లతో తట్టేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని, లోపల చప్పుడు వింటున్నట్టు ముఖం పెట్టి, గట్టి అనో డొల్ల అనో చెప్పేవాడు. గట్టి అంటే పుల్లలు. డొల్ల అంటే ఆ రోజు ఒక పుల్ల తక్కువ, లేదంటే అసలే లేదు. పుల్లలు లేని రోజు ఇద్దరం రైలు గేటు దాకా నడిచి, బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టి వచ్చేవాళ్లం. డొల్లగా ఉన్నది దవడో మనసో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రెండింటికీ మందు ఒకటే కాబట్టి అడగాల్సిన అవసరం రాలేదు.

ఒకరోజు ఆయనతో పనిచేసే మనిషి వచ్చి మామూలుగానే ఎట్లున్నవన్నాడు. పెద్దబాపు చెయ్యి ఊపలేదు. "ఇయాల జర డొల్లనే తమ్మీ" అన్నాడు. గని మనిషికి ఆ మాట విడమరిచి చెప్పాలా? గడపలో నిలబడి పలకరించి పోదామని వచ్చినవాడు చెప్పులు విడిచి మంచం మీద కూర్చున్నాడు. పొద్దు గూకేదాకా కదల్లేదు. వాళ్లేం పెద్దగా మాట్లాడుకోలేదు. రెండుసార్లు చాయ్ తాగారు, ఒకసారి నా తనిఖీ మీద నవ్వుకున్నారు. ఆ తర్వాత పెద్దబాపు గోడవైపు తిరిగి పడుకోవడం నేను చూడలేదు.

పట్నంలో డాక్టరు పుండు తిరిగి రాలేదన్నాడు. ఆ వానాకాలం దాటిపోయింది. నేననుకున్నట్టు కంకి కొరకలేదు. నాకు చాలా ఉక్రోషం వచ్చింది. ఆయనకు రాలేదు. మరుసటేడు వానలకు పుల్లలు పంతొమ్మిదయ్యాయి. ఒక సాయంత్రం బయటికి పోయి ఆలస్యంగా వచ్చాడు. గడప దగ్గర చేతులెత్తి నిలబడ్డాడు. పెదాలు మసిమసిగా ఉన్నాయి. నాకు అనుమానం వచ్చి జేబులు తడిమాను, మడతలు వెతికాను. ఏమీ లేదు. తలపాగా కోసం వంగమన్నాను. వంగాడు. అందులో వెచ్చగా, ఉప్పూ నిమ్మకాయా రుద్దిన మక్కకంకి ఒకటి దొరికింది. ఒక పక్క నాలుగు వరసలు కొరికి ఉంది. మిగతాది నాకట. పెద్దవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి ఆ పంటి గాట్లు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. పెద్దబాపు నవ్వు మాత్రం కుళాయి దాకా వినిపించింది.

ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. నా పెళ్లిలో భోజనాల పంక్తిలో అందరికంటే ఆలస్యంగా లేచింది ఆయనే.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. పోయినేడు నా రొమ్ములో గడ్డ తీశారు. మందులు ఎక్కించారు, జుట్టు ఊడి మళ్లీ మొలిచింది. చెయ్యి బిగుసుకుపోకుండా రోజూ వేళ్లను గోడ మీద పైపైకి పాకించాలి. ఎక్కడిదాకా అందిందో మా మనవరాలు పెన్సిల్‌తో గీత పెడుతుంది. పెద్దబాపు దగ్గర పాఠం నేర్చుకున్న నేను, తీరా నా వంతు వచ్చేసరికి, అడిగిన ప్రతివాళ్లకూ బాగున్నా బాగున్నా అని చెప్పడం మొదలుపెట్టాను. ఫోన్లో నవ్వి, పెట్టేశాక దుప్పటి కప్పుకునేదాన్ని. ఒకరోజు గీత నిన్నటికంటే కిందే ఆగిపోయింది. ఇంకొంచెం పైకి జరుపు నానమ్మా అన్న పాపానికి మనవరాలిని కసురుకున్నాను. దాని కళ్లలో నీళ్లు చూశాక బొగ్గు కొట్టం గుర్తొచ్చింది. సిగ్గేసింది. దగ్గర కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పాను.

అప్పటి నుంచి పొద్దున బడికి పోయేముందు అది వచ్చి నా భుజం మీద రెండు వేళ్లతో తడుతుంది. ఇవాళ తట్టినప్పుడు నేను డొల్ల అన్నాను. సరే అని సంచి కింద పెట్టి, బస్సు వచ్చేదాకా నా పక్కన కూర్చుని, మొలుస్తున్న నా జుట్టుకు జడ వెయ్యాలని చూసింది. జడ పడలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రం తిరిగొచ్చి మళ్లీ తట్టింది. కళ్లు మూసుకుని విన్నాను. గట్టి అని చెప్పాను. నిజమే చెప్పాను.