సయామాను వెక్కిరించలేని విదూషకుడు

2015 ఎన్నికలకు ముందు, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, బర్మాలోని యాంగోన్‌లో నేను పనిచేసే ప్రైవేటు టీవీ చానెల్ నన్ను రాత్రి పదింటి హాస్య కార్యక్రమానికి ఫ్లోర్ మేనేజర్‌గా వేసింది. ప్రసారం రాత్రయినా రికార్డింగు మధ్యాహ్నం రెండింటికే జరిగేది. కెమెరాల ముందు ఏం జరిగినా ఫ్లోర్ మేనేజరే జవాబుదారీ. పై గదిలో కూర్చున్న నిర్మాత మాట మాకు చెవిలో వినిపిస్తుంది. దాన్ని మేము నోరు మెదపకుండా, వేళ్లతోనో అట్టముక్క మీద రాసో నటులకు చేరవేస్తాం. ప్రేక్షకులకు మేము కనిపించకూడదు. అప్పటికే ఆ పనిలో ఎన్నో ఏళ్లు ఎవరి కంటా పడకుండా నెగ్గుకొచ్చానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఎన్నికల రోజుల్లో వారానికొక అభ్యర్థిని పిలిచేవాళ్లం. మా విదూషకుడు కో చిట్ పన్నెండు నిమిషాలపాటు ఆ మనిషిని ఆటపట్టించాలి, ఆ మనిషి నవ్వుతూ తట్టుకోవాలి. తట్టుకున్నవాళ్ల పేరు మర్నాటికి ప్రతి టీ దుకాణంలోనూ వినబడేది. అతిథి ఎవరో కో చిట్‌కు ముందుగా తెలియకూడదన్న నియమం మాత్రం నాది. అతని ఆశ్చర్యం నటన కాకూడదని నా పట్టుదల. అందుకే అతని చేతిలోని ప్రశ్నల కాగితం మీద అభ్యర్థి పేరు ఉండేది కాదు.

ఆ వారం వచ్చినావిడ సయామా దా న్వే. సయామా అంటే ఉపాధ్యాయురాలు. నగరంలోని తామ్వే పేటలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరై, ఏ పార్టీ అండా లేకుండా నిలబడ్డారు. ఆవిడకు జెండాలు కట్టిన వ్యాన్లు లేవు, మైకులు లేవు. ఒక గొడుగు పట్టుకుని బస్సులో వచ్చారు. తామ్వే దాటి ఆవిడ పేరు ఎవరికీ తెలియదు, తెలియడానికి ఈ పన్నెండు నిమిషాలు తప్ప మరో దారీ లేదు. ఆ సంగతి ఆవిడే నాతో మొహమాటం లేకుండా చెప్పారు.

నేను వేళ్లు ఒక్కొక్కటే ముడిచి సైగ చేశాను. ఆవిడ వెలుగులోకి నడిచారు. కో చిట్ కుర్చీలోంచి జారి మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించి మూడుసార్లు మొక్కాడు. తర్వాత చేతులు జోడించి తల దించుకుని అలాగే ఉండిపోయాడు. చిన్నప్పుడు తనకు లెక్కలు చెప్పింది ఆవిడేనని గొణిగాడు. ఈ దేశంలో గురువును బుద్ధుడితో, తల్లిదండ్రులతో ఒకే వరసలో నిలబెట్టి మొక్కుతారు. అలాంటి మనిషిని అందరి ముందూ వెక్కిరించడానికి అతనికి నోరెలా వస్తుంది? నా నియమం నా మెడకే చుట్టుకుంది.

ప్రేక్షకులు ముందు చప్పట్లు కొట్టారు, తర్వాత చప్పబడ్డారు. రెండు నిమిషాల్లో కో చిట్ లేవకపోతే అతిథిని తీసేసి పాటలు వేస్తానని నిర్మాత చెవిలో చెప్పాడు.

మా మేకప్ మనిషి నూకరత్నం నా భార్య చెల్లెలు. మా తాతలూ వాళ్ల తాతలూ శ్రీకాకుళం నుంచి ఒకే ఓడలో వచ్చి బోటాటౌంగ్ రేవులో మూటలు మోసినవాళ్లు. పౌడరు డబ్బాతో నా పక్కకి వచ్చి గుసగుసలాడింది.

"ఏటి బావా, ఈడు లెగడేటి?"

"సదువు సెప్పిన పంతులమ్మని ఎక్కిరిస్తే పాపం గదే. అదీ ఈడి బాద."

"అయితే తప్పు సేసీసి, పండక్కెల్లి మొక్కీమను. ఆ పండగ అందుకేగదేటి?"

వానాకాల వ్రతం ముగిసే పున్నమికి ఇక్కడ దీపాల పండుగ చేస్తారు. ఆ రోజుల్లో చిన్నవాళ్లు పెద్దల దగ్గరికి, గురువుల దగ్గరికి వెళ్లి, మాటతోనో చేతతోనో చేసిన తప్పులకు క్షమాపణ అడుగుతారు. దానికి ఇంకా కొద్దిరోజులే ఉంది. నేను అట్టముక్క అందుకుని, "ముందు తప్పు చెయ్యి, పండుగకి వెళ్లి మొక్కు" అని బర్మా భాషలో పెద్ద అక్షరాలతో రాసి ఎత్తి పట్టుకున్నాను.

కో చిట్ తల నేలకేసి ఉంది. చూసింది సయామా ఒక్కరే. నల్లబల్ల మీది లెక్క చదివినట్టు దాన్ని పైకి చదివేశారు. స్టూడియో అంతా గొల్లుమంది, కెమెరా నావైపు తిరిగింది. నా అజ్ఞాతవాసం ఆ క్షణంతో సరి.

"ఆయన సరిగ్గానే రాశాడు. చెయ్యని తప్పుకి నేను క్షమాపణ తీసుకోను. లేచి నీ పని చెయ్యి," అన్నారు సయామా.

కో చిట్ లేచాడు. కాగితం చూసి మొదటి ప్రశ్న వేశాడు. ప్రతి వీధికీ కుళాయి ఇస్తామంటున్నారు, మా తరగతి గదిలో మంచినీళ్ల కుండ ఒక్కటి నిండుగా ఉండేది కాదే అన్నాడు.

"ఆ కుండ నింపే వంతు నీది. రోజూ ఎగ్గొట్టేవాడివి. ఈసారి నేనే నింపుదామని నిలబడ్డాను."

కో చిట్ పడీ పడీ నవ్వాడు. ఆపైన వాళ్లిద్దర్నీ ఆపడం నా తరం కాలేదు. పన్నెండు నిమిషాలు పంతొమ్మిదయ్యాయి. నిర్మాత ఒక్క ముక్క కూడా కోయలేదు. అంత సంతోషంగా పనిచేసిన మధ్యాహ్నం నా ఉద్యోగంలో మరొకటి లేదు.

పండుగ రోజున కో చిట్ నన్ను వెంటబెట్టుకుని కొబ్బరికాయ, అరటిపళ్లతో తామ్వే వెళ్లాడు. సయామా టీవీలో కార్యక్రమం చూస్తూ అతని తప్పులన్నీ కాగితం మీద రాసి ఉంచారు. పద్నాలుగు తేలాయి. పదమూడింటిని క్షమించారు. గొడుగు మీద వేసిన జోకుకి మాత్రం ఎవరూ నవ్వలేదు కాబట్టి అది క్షమించనన్నారు, మళ్లీ బాగా చెప్పి చూపించమన్నారు. అతను మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

ఎన్నికలో ఆవిడ ఓడిపోయారు. అయితే ఆ ప్రసారం తర్వాత ప్రచారానికి ఆవిడ ఒంటరిగా నడవవలసిన అవసరం రాలేదు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఊరి చివరనున్న మింగళాడోన్ నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు.

ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది ఒక్కటే. మనుషుల్ని నవ్వించడానికి ఆశ్చర్యం కంటే అనుమతి ఎక్కువ అవసరం. ఆ తర్వాత ప్రతి రికార్డింగుకీ ముందు అతిథినీ విదూషకుణ్ణీ ఓ పది నిమిషాలు ఎదురెదురుగా కూర్చోబెట్టి టీ ఇప్పించాను. నవ్వులేమీ తగ్గలేదు.