లోయిస్ అడిగిన పీస్

మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో లోయిస్‌కు పొద్దంతా ఒకటే పని: ఎవరికి ఏ కోర్సు పనికొస్తుందో చెప్పడం. తనకు ఏ పియానో పీస్ పనికొస్తుందో మాత్రం యేసురాజు సార్ చెప్పాల్సిందే. చిన్నప్పుడు పంజాగుట్ట చర్చిలో పియానో మీద ఆమె వేళ్లు పెట్టించింది ఆయనే. ఆయన మాటంటే ఆమెకు దేవుని వాక్యమే.

సోమాజిగూడలో ఒక స్కూలుకు పియానో టీచర్ కావాలని తెలిసి లోయిస్‌కు ప్రాణం లేచొచ్చింది. ఈ ఫోన్ల గోల వదిలేసి రోజంతా పియానో ముందు కూర్చునే ఉద్యోగం! ఎవరికి నచ్చింది వాళ్లు వాయించి చూపించాలట. రెండు చేతులూ ఒకదాన్నొకటి తరుముకునే చలాకీ పీస్ మీద ఆమె మనసు పడింది. కష్టమే గానీ, పట్టుబట్టి సాధన చేస్తే రానిది కాదు.

"గది వద్దు బిడ్డా," అన్నాడు సార్. "నీ ఎడమచెయ్యి ఇంక సిద్ధం కాలే. ఆగమైతవ్. గీ మెల్లగున్నది తీస్కో, మస్తుంటది. ఫికర్ చెయ్యకు."

అది జోలపాట లాంటిది. చర్చిలో కానుక పట్టే వేళకు సరిపోతుంది, ఉద్యోగానికి కాదు. లోయిస్‌కు అనుమానం రాకపోలేదు. సార్‌నే అనుమానిస్తానా అని తనను తానే తిట్టుకుంది, పిచ్చి పిల్ల!

వాయించి చూపించే రోజు స్కూల్లో సార్ ఇచ్చిందే తప్పు లేకుండా వాయించింది.

"బాగుందమ్మా. ఇంకాస్త కష్టమైనదేదైనా వచ్చా?" అంది ప్రిన్సిపాల్.

లోయిస్ తల అడ్డంగా ఊపింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే లోపల ఇంకెవరో మొదలుపెట్టారు. రెండు చేతులూ తరుముకుంటున్నాయి. తను అడిగిన పీసే! కిటికీలోంచి చూస్తే నేతన్, సార్ కొడుకు. కొడుకూ వస్తున్నాడని ఆయన ఒక్కసారైనా అన్నాడా? చెప్తుంటేనే ఒళ్లు మండుతోంది.

ఉద్యోగం నేతన్‌దే అయింది. ఆదివారం ఆరాధన కాగానే సార్ నవ్వుతూ పియానో దగ్గరికొచ్చాడు. చేతిలో ఆ పీస్ కాగితాలు.

"తీస్కో బిడ్డా. ఇప్పుడు నీ చెయ్యి సిద్ధమైంది."

లోయిస్ చెయ్యి చాపలేదు.

"కొడుకు కోసం తప్పుకోమంటే తప్పుకుంటుంటి గద సార్. నా చెయ్యి మంచిగ లేదని ఎందుకు చెప్పిన్రు?"

"తండ్రిని గద బిడ్డా..."

"మరి ఇన్నేండ్ల సంది మంచిగ వాయిస్తున్నవని మెచ్చుకున్నరు గద. గది సుత అబద్ధమేనా?"

సార్ కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాడు.