నాన్నగారి లెక్క ఆగిన చోటు

మొన్న అమలాపురంలో పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి బల్ల మీద పడుకుంటే, నా మనవడి వయసున్న మత్తు డాక్టరు నన్ను అంకెలు లెక్కపెట్టమననే లేదు, పక్కనున్న మానిటరు తెర చూసుకుంటున్నాడు. నలభై ఏళ్లు నర్సుగా చేసిన నోరు ఊరుకుంటుందా, మీ నిద్రమందు ఎలా పనిచేస్తుందయ్యా అని అడిగాను.

"నిద్ర కాదండి మామ్మగారూ" అన్నాడు. నాడీకణాల మధ్య కంటికి ఆనని ఖాళీ ఉంటుందట, ఒక కణం అందులోకి వదిలే రసాయనమే పక్కదానికి కబురట. మత్తుమందు ఆ కబుర్లను చాలావరకు అడ్డుకుని, ఊరుకోమని చెప్పే కబుర్లకు మాత్రం బలమిస్తుందట. మరి మందు చాలకపోతే?

"ఆయ్, కోస్తున్నది కొందరికి తెలుస్తుందండి. తర్వాత గుర్తు కూడా ఉంటుందండి."

మా రోజుల్లో ఈ తెరలెక్కడివి? కొత్తపేట దగ్గర మా చిన్న ఆసుపత్రిలో, రోగి ముఖం మీద గుడ్డ చుట్టిన జాలీ పెట్టి ఈథరు అనే మత్తుమందు చుక్కచుక్కగా వేయడం నా పని. రోగి పైకి లెక్కపెట్టాలి. లెక్క ఆగాక కనురెప్ప తాకి చూసి, కదలకపోతే డాక్టరమ్మగారికి తలూపేదాన్ని. హెర్నియా ఆపరేషనుకి ఒకనాడు ఆ బల్ల మీదికి మా నాన్నగారే వచ్చారు.

ఆయనది కొబ్బరికాయలు లెక్కపెట్టే పని. చేతికొకటి చొప్పున జతగా విసురుతూ, ఒకటికి బదులు లాభం అని మొదలుపెట్టి పది దాకా పైకి అనేవారు, ఆపైన మనసులోనే లెక్క, నూరు నిండితే మళ్లీ కేక. బల్ల మీద కూడా పది దాకా అని ఊరుకున్నారు. కన్నతండ్రి కదా, ఆ కంగారులో మత్తెక్కిందనుకుని, కనురెప్ప తాకడం మరిచి తలూపేశాను. కత్తి తగలగానే ఆయన చెయ్యి నా మణికట్టు పట్టేసింది. డాక్టరమ్మగారు ఆగారు, నేను ఇంకా ఈథరు వేశాను, తక్కినదంతా సవ్యంగానే జరిగింది.

తెలివొచ్చాక భయపడుతూ అడిగితే "నాకేం తెలీలేదమ్మా" అన్నారు. ఆ మాట నమ్మే ఇన్నేళ్లూ స్థిమితంగా ఉన్నాను.

ఈథరు వాసన పోయింది, మా ఊళ్లో కాయలు ఇప్పుడు తూకానికే పోతున్నాయి, లెక్క చెప్పే గొంతులు వినపడవు. ఆ ఆపరేషను తర్వాత నాన్నగారు, కూలీలు నవ్వుతున్నా సరే, ఆఖరి కాయదాకా ప్రతి జతా పైకే లెక్కపెట్టేవారు. చాదస్తం అనుకుని నేనూ నవ్వాను. ఆయనకంతా తెలిసిందని, నా కోసమే దాచారని, మొన్న ఆ బల్ల మీద పడుకునేదాకా నాకు తట్టనే లేదు.