కలరా ఉండల హారతి

ఆ రోజుల్లో కెమిస్ట్రీ చదివామంటే వేళ్ళకి కాలిన మచ్చలైనా ఉండేవి. ఇప్పుడు అర్పా నది దాటి సర్కండా పేటలో కోచింగ్‌కి పోయే పిల్లల్ని చూస్తే నాకు వింతగా ఉంటోంది. మొన్న పక్కింటి అమ్మాయిని కర్బన పదార్థాలను ఎలా శుద్ధి చేస్తారని అడిగితే, గుక్క తిప్పుకోకుండా పద్ధతులన్నీ అప్పజెప్పింది. ఒక్కటైనా చేశావా అంటే, "అచ్ఛా తాతయ్యా, అవి చెయ్యాలి కూడానా?" అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

నేను కాలేజీ గడప తొక్కకుండా ప్రైవేటుగా ఇంటర్ కట్టినవాణ్ణి. థియరీ పుస్తకంలో దొరికింది కాని, ప్రాక్టికల్‌కి ల్యాబ్ ఎవరిస్తారు? కట్నీ రైలు లైనులో బొగ్గింజను నడిపే మా నాన్న ముందే తేల్చేశాడు: ఈసారి పరీక్ష తప్పితే ఇంజన్ల షెడ్డులో ఖలాసీగా చేరిపోవాలి. అందుకని మా రెండు గదుల క్వార్టర్లోనే ప్రయోగాలు మొదలుపెట్టాను. అమ్మ పట్టుచీరల పెట్టెలోంచి దుమ్ము పట్టిన కలరా ఉండలు తీసి, ఇసుకతో కలిపి దంచి, పాత మూకుట్లో సన్నని సెగ మీద పెట్టి, పైన కిరసనాయిలు గరాటు బోర్లించి తడిగుడ్డ చుట్టాను (ఆ గరాటు కంపు వదిలించడానికే ఒక పూట పట్టింది). చల్లారాక ఎత్తి చూస్తే లోపలంతా తళతళలాడే తెల్లని రేకులు. నాఫ్తలీన్ ఆవిరై పైకెగిరి, మురికిని ఇసుకలోనే వదిలేసి, మళ్ళీ గట్టిపడింది. మురిసిపోయి, ఆ రేకుల్ని ఇత్తడి మూతలోకి గీకి గూట్లో పెట్టాను. మా ఇంట్లో దేవుడూ, పప్పుడబ్బాలూ, నా ప్రయోగశాలా అన్నీ ఆ ఒక్క గూట్లోనే కాపురం.

ఆ సాయంత్రం శుక్రవారం పూజలో అమ్మ ఆ మూతలోది కర్పూరమనుకుని హారతి వెలిగించింది. చిమ్నీలోంచి వచ్చినట్టు నల్లటి పొగ లేచింది. పటంలో అమ్మవారి ముఖం మసిబారిపోయింది. ఇల్లంతా బట్టలపెట్టె వాసన. అమ్మ పళ్ళెం కింద పెట్టి కొంగుతో పటం తుడవసాగింది. నేనేమో ఆనందం పట్టలేక, "ఇది ఆరోమాటిక్ జాతి పదార్థం. మసితో మండుతోంది చూడండి, పుస్తకంలో ఉన్నట్టే" అన్నాను.

"రేపే షెడ్డుకి వచ్చీరా. నీ సదువు అయిపోనాది" అన్నాడు నాన్న.

అప్పుడు అమ్మ, పటం తుడుస్తూనే, తిరక్కుండా అడిగింది: "ఇదీ తెల్లగానే ఉంది, అదీ తెల్లగానే ఉంది. కర్పూరం కాదని మాకెలా తెలుస్తాదిరా? ఏటి గుర్తు?"

ఆ మాట పట్టుకుని బతికాను. మరిగే నీళ్ళు గ్లాసులో పోసి నా రేకుల్ని వేశాను. నూనెచుక్కల్లా కరిగిపోయాయి. "అసలు కర్పూరమైతే ఈ వేడికి కరగదు, చూడండి" అని గర్వంగా బజారులో కొన్న బిళ్ళ ఒకటి వేశాను. అదీ మెత్తబడి, వెన్నలా కరిగి పరుచుకుంది.

ఇంకోటి వేశాను, అదీ అంతే. కల్తీ, దాన్లోనూ కలరా ఉండల సరుకే. హారతి ఇచ్చినప్పుడల్లా కాస్త మసి పడుతూనే ఉండేది, ఊళ్ళో బొగ్గుదుమ్మేలే అనుకునేవాళ్ళం. నేను చేసిందల్లా ఆ కల్తీసరుకునే మరింత శుద్ధి చేసి అందించడం.

నాన్న గ్లాసు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "అయితే ఇన్నాళ్ళూ అమ్మోరికి మనం ఇదేనా ఎలిగిస్తన్నాం?" అన్నాడు. తర్వాత పరీక్ష ఏ రోజని అడిగాడు. షెడ్డు ఊసు మళ్ళీ ఎత్తలేదు. మర్నాటి నుంచి రైల్వే కాలనీలోని మన తెలుగు ఆడవాళ్ళంతా కర్పూరం పొట్లాలతో మా గుమ్మంలో. అమ్మ నీళ్ళు మరిగించేది, నేను తీర్పు చెప్పేవాణ్ణి. పరీక్షలో వేరే పదార్థమేదో ఇచ్చారు, కంగారు పడకుండా వేడి చేసి, కాల్చి, కరిగించి చూసి పేరు రాశాను. పాసయ్యాను.

తర్వాత ఉద్యోగం వచ్చింది, ప్రమోషన్లూ వచ్చాయి. కాని అమ్మవారి ముఖం నల్లబడుతుంటే పుస్తకం నిజమే చెప్పిందని ఎగిరి గంతేసిన ఆ వెర్రివాడు మాత్రం నాకు మళ్ళీ కనబడలేదు. ఎక్కడున్నాడో. కనబడితే ముందు చీవాట్లు పెట్టి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుందును.