హాజరులో ఆఖరి పేరు

వైర్‌లెస్ అనేది అతని పేరు కాదు, సైన్యంలో అతను చేసిన పని. కెప్టెన్ దళంలో చేరినవాడెవడైనా అమ్మానాన్నా పెట్టిన పేరును ఇంట్లోనే వదిలి రావలసిందే. పొడుగ్గా ఉన్నవాడు నిచ్చెన, నోరు మూతపడనివాడు సుత్తి, వంటవాడు గరిటె. సైన్యం వదిలి పందొమ్మిదేళ్లయింది, రేడియోలూ మిక్సీలూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు, అయినా వీధిలో అందరికీ అతను వైర్‌లెస్సే. కుడిచెవి వంతెన పేలినప్పుడు పోయింది. ఎడమచెవి బాగానే పనిచేస్తుంది.

ఆ వంతెన కథ దేశమంతటికీ తెలుసు. తెలిసింది సగమే. శత్రువు టాంకులు తరుముకొస్తుంటే కెప్టెన్ తన దళాన్ని ఏరు దాటించి, వంతెన పేల్చి, రాజధానిని కాపాడాడు. పతకం వచ్చింది. పతకం వెనకే పార్టీ, పార్టీ వెనకే పదవి. ఎంపీ అయ్యాడు, హోంమంత్రి అయ్యాడు. సగం ఊరు అతని ఫొటో గోడకు తగిలించుకుంది, మిగతా సగం అతని కారు చప్పుడు వినగానే కిటికీలు మూసుకుంది. అతని మీద రాసిన పత్రిక మూతపడింది. రాసినాయన ఏమయ్యాడో కన్నతల్లికి కూడా తెలియదు. చేరదీసిన పార్టీ పెద్దలనే ఒక్కొక్కరిగా సాగనంపాడు కాబట్టి, ఏరు దాటాక తెప్ప తగలేసే రకం అని జనం చాటుగా నవ్వుకునేవారు. అసలు ఏటి దగ్గర ఏం జరిగిందో తెలిస్తే ఆ నవ్వు వచ్చేది కాదు.

ఆ రోజు అవతలి గట్టున కాపలా ఉన్న జవాను గొంతు వైర్‌లెస్ చెవుల్లో ఉంది. "ఆగండి, ఆగండి. వంతెన మీద మన జనమే ఉన్నారు. అరవై మందికి పైనే. ఒకావిడ నెత్తిన కుట్టుమిషను పెట్టుకుని నడుస్తోంది. టాంకులు ఇంకా చాలా దూరం. పది నిమిషాలు చాలు." రూలు ప్రకారం వైర్‌లెస్ ఆ మాటలన్నీ సందేశాల పుస్తకంలో రాశాడు. కెప్టెన్ చదివాడు, కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. "నీకేమీ వినపడలేదు" అని, వంతెన పేల్చమని చెయ్యి ఊపాడు. కింద కార్బన్ నకలు ఉందన్న సంగతి ఆ తొందరలో అతనికి తట్టలేదు.

యుద్ధం అయ్యాక పై అధికారులు అడిగితే, వైర్‌లెస్ నిటారుగా నిలబడి "నాకేమీ వినపడలేదు సార్" అన్నాడు. పిరికితనమే, కాదనడానికి లేదు. కానీ చెవినుంచి నెత్తురు కారుతున్న తనను నాలుగు మైళ్లు భుజాన మోసుకెళ్లింది కూడా ఆ కెప్టెనే. మోసిన భుజం మీద వేలెత్తి చూపడం అంత సులువు కాదు.

కెప్టెన్ సైన్యంలోంచి తెచ్చుకున్న అలవాట్లలో హాజరు ఒకటి. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి పాత దళమంతా అతని ఇంటి ముందు వరసకట్టాలి. పిలిచినవాడు "ఉన్నాను" అనాలి. ఎవరైనా పోతే, ఆ వారం అతని పేరు ఆఖరున పిలుస్తారు. అందరూ టోపీలు తీసి, అతని బదులు ముక్తకంఠంతో "ఉన్నాడు" అంటారు. వినడానికి గొప్పగానే ఉంటుంది. మూడేళ్ల కింద గరిటె పేరు అలాగే ఆఖరున పిలిచారు. అంతకు రెండు రోజుల ముందు అతనెవరో విలేకరితో టీ తాగాడట. ఆ ఉదయం గరిటె హాజరుకు రాలేదు. ఆలస్యంగా వచ్చి వెళుతుంటే, ఇంటికి దించుతున్న కెప్టెన్ జీపులోంచి జారిపడి చనిపోయాడని కబురు మధ్యాహ్నం వచ్చింది. పొద్దున పిలిచారు, మధ్యాహ్నం పోయాడు. పెద్దవాళ్లకు కబుర్లు ముందే తెలుస్తాయిలే అని సుత్తి సర్దిచెప్పాడు.

ఈ ఏడు ప్రభుత్వం మారింది. వంతెన మీద విచారణ కమిషన్ వేశారు, బుధవారం రమ్మని వైర్‌లెస్‌కు ఉత్తరం వచ్చింది. అతను పాత రేడియో వెనక మూత విప్పి, అన్నేళ్లుగా దాచిన కార్బన్ నకలు తీశాడు.

"పొయ్యిలో పడేయండి" అంది భార్య, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే. "కొరివితో తల గోక్కుంటారా ఈ వయసులో?"

"ముందు చదువు."

చదివింది. కుట్టుమిషను అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఆ తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తన మిషను సొరుగులో దారపు ఉండల కింద దాచింది.

"బుధవారం నేనూ వస్తాను" అంది.

కాగితం ఉందని వైర్‌లెస్ కమిషన్‌కు జవాబు రాశాడు. అదే తప్పయింది. గోడలకు చెవులే ఉంటాయి, గుమాస్తాలకు నోళ్లు కూడా ఉంటాయి. శనివారం కెప్టెన్ స్వయంగా కొట్టుకు వచ్చాడు, చంకలో ఒక చిన్న రేడియో పెట్టుకుని.

"చెవి ఎలా ఉంది వైర్‌లెస్?"

"ఒకటి పనిచేస్తోంది సార్."

"అదే మనిషికి చేటు." కెప్టెన్ నవ్వి, కొట్టంతా ఒక చూపు చూశాడు. "ఇది నెమ్మదిగా బాగుచెయ్యి, తొందరేం లేదు. రేపు హాజరుకు మాత్రం మానకు."

అతను వెళ్లాక వైర్‌లెస్ రేడియో విప్పి చూశాడు. అందులో ఏ లోపమూ లేదు. హాజరు మానేద్దామనుకున్నాడు. కానీ మానేస్తే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నట్టవుతుందని, ఆదివారం ఐదుంపావుకే బయల్దేరాడు.

నలభై మంది వరసకట్టారు. "నిచ్చెన." "ఉన్నాను." నిచ్చెన తర్వాత ఎప్పుడూ వైర్‌లెస్ పేరే. అతను గొంతు సవరించుకున్నాడు. "సుత్తి" అన్నాడు కెప్టెన్. తన పేరు పిలిస్తే చెవి పట్టుకోలేదేమోనని వైర్‌లెస్ కంగారుపడ్డాడు. నిచ్చెన వైపు చూశాడు. నిచ్చెన తన బూట్లు చూసుకుంటున్నాడు.

జాబితా అయిపోయింది. కెప్టెన్ టోపీ తీశాడు, అందరూ తీశారు. ఈ వారం పోయిందెవరబ్బా అనుకుంటూ వైర్‌లెస్ కూడా తీశాడు. ఆస్పత్రిలో ఉన్న ముసలి డ్రైవరేమో పాపం అనుకున్నాడు.

"వైర్‌లెస్" అన్నాడు కెప్టెన్.

"ఉన్నాడు" అన్నాయి నలభై గొంతులు. పందొమ్మిదేళ్ల అలవాటు ఆలోచించనివ్వదు. ఆ గొంతుల్లో వైర్‌లెస్‌దీ ఒకటి.

తన మాట తన చెవిన పడ్డాక గానీ తెలియలేదు. కెప్టెన్ జాబితా మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గేటు దాటారు. సుత్తి అందరికన్నా ముందు దాటాడు.

గేటు దగ్గర జీపు ఆగి ఉంది. ఎప్పుడూ చూడని కుర్ర డ్రైవరు ఎంతో మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నాడు. వెనక సీట్లో ఇద్దరున్నారు.

"రా అన్నా, ఇంటి దగ్గర దించుతాం. వదిన ఇంట్లోనే ఉందా?" అన్నాడు డ్రైవరు.

వైర్‌లెస్ ఎడమచెవికి ఆ మాట స్పష్టంగా వినపడింది. మిషను సొరుగు కళ్ల ముందు మెదిలింది. ఆదివారం పొద్దున ఆమె చెల్లెలింటికి వెళుతుంది, ఆ సంగతి వీళ్లకు తెలియదు, తెలియకూడదు.

జీవితంలో రెండోసారి అతను నిటారుగా నిలబడి, "నాకేమీ వినపడలేదు" అన్నాడు.