హాల్లో దీపాలు ఆర్పిన మధ్యాహ్నం

మా సారుకి చీకటంటే పిచ్చి. యూనివర్సిటీలో నాటకం చదివే మా బ్యాచ్‌కి ఆయన స్టేజీ లైటింగ్ చెప్పేవారు. దీపం ఎవరైనా వెలిగిస్తారు, ఆర్పడం తెలిసినవాడే లైటింగ్ మనిషి అని క్లాసులో ఒకసారైనా అనకపోతే ఆయనకు తోచేది కాదు. సీను మధ్యలో స్టేజీ మీదా హాల్లోనూ దీపాలన్నీ ఒక్కసారిగా పోవడాన్ని బ్లాకౌట్ అంటారు. ఆ చీకట్లో నటులు మారతారు, సామాను మారుతుంది, మళ్ళీ వెలుగొచ్చేసరికి చూసేవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉంటారు. ఆయనది కృష్ణా జిల్లా. కరెంటు పోతే వాకిట్లో మంచాలు వాల్చుకుని కబుర్లు చెప్పుకునే ఊళ్ళో పుట్టిన మనిషి. నేను పుట్టింది కడప జిల్లా వీరపునాయునిపల్లె దగ్గర ఒక పల్లెలో.

ఏడాది చివర మేం వేసే పెద్ద నాటకానికి లైట్ల బోర్డు మీద చెయ్యి వేసేది ఒక్కరే. ఆ చోటు నాకు కావాలి. ఆడపిల్లలని మేకప్పుకో బట్టలకో పంపేయడం అక్కడ రివాజు. నేను మొండికేసి లైటింగ్‌లో కూర్చున్నాను. బోర్డు ఎవరికిస్తారో టూరు అయ్యాక చెబుతానన్నారు సారు. టూరంటే సరదా తిరుగుడు కాదు. వృత్తి నాటక సమాజాలు ఆడే హాళ్ళు ఎలా ఉంటాయో, తెర ఎక్కడ కడతారో, దీపాలు ఎక్కడ వేలాడదీస్తారో తిరిగి చూడటం. ఆ ఏడాది మా కడప జిల్లా వైపు వేశారు.

బస్సెక్కిన దగ్గర్నుంచి మా క్లాసులో కాకినాడ అబ్బాయికి నోరు ఊరుకోలేదు.

"మీ ఇంట్లో బాంబులు ఎన్నుంటాయి?" అన్నాడు.

"మా ఇంట్లో గొర్రెలుంటాయి," అన్నాను. ఒళ్ళు మండింది గానీ అబద్ధం చెప్పలేదు. అవి ఊళ్ళు రెండుగా చీలి, ఒక సగం ఒక పార్టీ, ఇంకో సగం ఇంకో పార్టీ అయిపోయిన ఏళ్ళు. పార్టీల కంటే ముందే పుట్టిన పగలకు పార్టీల జెండాలు కట్టారు, అంతే. మాది ఎటూ కాని ఇల్లు. మా మీద ఒక్క రాయి కూడా పడలేదు. ఆ మాట నేను గొప్పగా చెప్పుకునేదాన్ని. నాకేమీ కాలేదు కనక నాకేమీ అంటలేదనుకునేదాన్ని.

మొదట ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళ వెనక సందులో ఉంది హాలు. గుంటూరు, తెనాలి నుంచి సమాజాలు వచ్చి ఆడే చోటు. సారు స్టేజీ ఎక్కి చప్పట్లు కొట్టి, శబ్దం ఎంత దూరం పోతుందో విన్నారు. తర్వాత హాలు చూసుకునే పెద్దాయనతో, ఒక్కసారి దీపాలన్నీ ఆర్పమన్నారు. తెల్ల టోపీ పెట్టుకున్న సాయిబు ఆయన. కదల్లేదు.

"స్టేజీవి ఆర్పుకోండి సార్. జనం మీదివి ఆర్పరు ఈడ."

"నాటకం నడిచేటప్పుడు కూడానా?"

"నాటకం నడిచేటప్పుడే సార్."

ఎందుకని అడిగితే, "ఆర్పరంతే," అన్నాడాయన. కోపంగా కాదు, నీళ్ళు పల్లానికి పోతాయన్నంత మామూలుగా. బస్సెక్కాక సారు నవ్వారు. జనం మీద దీపాలు వేసి నాటకం ఆడేవాళ్ళని ఇప్పుడే చూశానన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా జిల్లా గురించి కదా, సిగ్గేసింది.

రెండోది జమ్మలమడుగు. పాత హాలు, పైన రేకులు. స్టేజీ కిందే, సరిగ్గా మధ్యలో, ఒక ఇనుప కుర్చీ ఉంది. అది స్టేజీకి వీపు పెట్టి, జనం కూర్చునే వైపు తిరిగి ఉంది. హాల్లో కుర్చీలన్నిటి మీదా దుమ్ము. దాని మీద లేదు.

ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని మా వెనకే తిరుగుతోంది. అదెవరి కుర్చీ అని అడిగాను.

"ముందు వరసలో కూచ్చునే పెద్దాయనకు కాపలా మనిషి కూచ్చుంటాండె పాపా. వాడు నాటకం చూడడు. జనాన్ని చూస్తాడు."

"ఇప్పుడెవరు కూర్చుంటారు?"

"ఇప్పుడు ఎవురూ కూచ్చోరు."

"మరి తీసేయొచ్చు కదా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "తీసేస్తే, యాడ పాయనో అని అందరూ ఎనక్కి తిరిగి చూస్తారు గదమ్మా."

మాట పూర్తయ్యేలోగా కాకినాడ అబ్బాయి వెళ్ళి అందులో కూర్చున్నాడు. కాలు మీద కాలేసి, లేని మీసం తిప్పాడు. మేం నవ్వాం. వాడు ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీల వైపు చూశాడు. ఒక వరుస, తర్వాత ఇంకో వరుస. మీసం తిప్పే చెయ్యి ఆగిపోయింది. మెడ మాత్రం నెమ్మదిగా అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉంది. మేం పిలిచినా వినిపించుకోలేదు. చివరి వరుస దాకా చూశాకే లేచాడు. లేచి, పదండి వెళ్దాం అన్నాడు.

"ఎవరూ లేరని తెలుసు," అన్నాడు బస్సులో, నాకు మాత్రమే వినపడేలా. "అయినా ఒక్కొక్క కుర్చీ చూడాల్సొచ్చింది. ఒక్కటి వదిలేసినా లేవలేననిపించింది."

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి ఎండ మాడుతోంది. ఇక్కడి హాలు కొత్తది. మెత్తటి కుర్చీలు, లేవగానే వాటంతటవే ముడుచుకునేవి. గోడలకు కిటికీలు లేవు; యూనివర్సిటీలో మేం నేర్చుకునే గదిలోలా పగటి వెలుతురు లోపలికి రాదు. వెనక గోడకి ఆనుకుని గాజు గదిలో లైట్ల బోర్డు, చెయ్యి పెడితే వెన్నలా జారే మీటలు. సారు ముఖం వెలిగిపోయింది. ఆపరేటర్ ఊళ్ళో లేడు. వాచ్‌మన్ గది తాళం ఇచ్చేసి, మర్నాటి పార్టీ మీటింగుకి తోరణాలు కడుతున్న ముగ్గురితో కలిసి మధ్య వరుసల్లో కూలబడ్డాడు. ఆర్పకూడదని చెప్పేవాళ్ళెవరూ లేరు అక్కడ.

గేటు దగ్గర మా నాయన నిలబడి ఉన్నాడు. మేం వస్తున్నామని కార్డు రాశాను. టువ్వాలలో జొన్నరొట్టెలూ వేరుశనగ ఊరిబిండి పచ్చడీ మూట కట్టుకుని ఊరి నుంచి బస్సులో వచ్చాడు. చొక్కాకి గొర్రెల వాసన. దగ్గరికి పోగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"బక్కపడినావే," అన్నాడు.

"ఏంది నాయనా, ఈ ఎండలో నిలబడుకోనుండావు. లోపలికి రాకూడదా?"

"సారు ఏమన్నా అంటాడేమోనని." తర్వాత సారుకి దణ్ణం పెట్టి, "పాప సదివేదేందో నేనూ చూస్తా సారూ," అన్నాడు. సారు నవ్వి రమ్మన్నారు. నాయన అన్ని కుర్చీలూ వదిలేసి, వెనకాల స్తంభం ఉన్న కుర్చీ వెతుక్కుని, స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఎక్కడికి పోయినా అంతే ఆయన.

సారు మా వాళ్ళందరినీ స్టేజీ మీద నిలబెట్టారు. నన్ను హాలు మధ్యలో కూర్చోమన్నారు. చీకటి కంటి మీద ఎలా పడుతుందో చూడు, తర్వాత వంతు నీదే, బోర్డు మీద నువ్వే చేద్దువు అన్నారు. గాజు గదిలోకి వెళ్ళారు. ఎప్పుడు ఆర్పుతారో చెప్పలేదు. చెప్పి ఆర్పితే అది చీకటి కాదనేవారు.

దీపాలు పోయాయి.

అది ఎంతసేపు ఉందో నాకు తెలియదు. కుర్చీలోంచి లేచినట్టు గుర్తు లేదు. గుర్తున్నది చెంప కింద చల్లటి నేల, నోట్లో దుమ్ము, నా గుండె చప్పుడు నేలలోంచి వినిపించడం. ఊపిరి దానంతటదే ఆగిపోయి ఉంది. భయం వేసిందా అంటే, లేదు. భయపడేంత వ్యవధి లేదు. నా ఒళ్ళు నాతో చెప్పకుండా ఆ పని చేసేసింది.

వెలుగొచ్చింది. స్టేజీ మీద నుంచి ఏం కనిపించిందో కాకినాడ అబ్బాయి తర్వాత చెప్పాడు. ఆర్పే ముందు హాల్లో మనుషులున్నారు, వెలిగించాక ఒక్కరూ లేరు. కుర్చీలన్నీ ముడుచుకుని ఉన్నాయి. తలుపు తెరుచుకోలేదు, అడుగుల చప్పుడు లేదు, ఒక్క దగ్గు లేదు. "మీరందరూ అసలు వచ్చారా లేదా అని అనుమానం వచ్చింది," అన్నాడు.

నేను నేల మీద నుంచి చూస్తున్నాను. నేలకి చెంప ఆనిస్తే కుర్చీల కాళ్ళ కిందుగా హాలు ఆ చివర దాకా కనిపిస్తుంది. వాచ్‌మన్ బోర్లా పడుకుని ఉన్నాడు. తోరణాలు కట్టే ముగ్గురూ, ఎవరి వరుసల మధ్య వాళ్ళు, తలల మీద చేతులు పెట్టుకుని పడుకుని ఉన్నారు. వాళ్ళ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒకరి కళ్ళల్లోకి ఒకరం చూసుకున్నాం, కిందనే. వాళ్ళకి అవతల, స్తంభం మొదట్లో, మా నాయన.

ఎడమ చెయ్యి తన తల మీద ఉంది. కుడి చెయ్యి చాచి, పక్కన వట్టి నేలని అదిమి పట్టి ఉన్నాడు. అరచెయ్యి వెడల్పుగా తెరిచి, గట్టిగా. అక్కడ ఏమీ లేదు.

చిన్నప్పుడు నేను ఆయనకి కుడి పక్కన పడుకునేదాన్ని. మా ఊళ్ళో ఒక పార్టీ వాళ్ళు అవతలి వాళ్ళ మీదికి బాంబులతో పోయేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పీకేసేవాళ్ళు. కాబట్టి కరెంటు పోయిందంటే నాయన "కిందికి" అనేవాడు. మంచాల మీద నుంచి నేలకి దిగిపోయేవాళ్ళం. నేను తల ఎత్తకుండా ఆయన కుడి అరచెయ్యి నా నెత్తిని నేలకి అదిమేది. నూటికి తొంభై తొమ్మిది సార్లు అది ఉత్త కరెంటు కోతే. అయినా వెలుగు వచ్చేదాకా ఆ చెయ్యి తీసేవాడు కాదు. నేను యూనివర్సిటీకి వెళ్ళి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ కరెంటు పోయినప్పుడల్లా ఆ చెయ్యి కింద ఏముందో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

ఒక్కొక్కరే లేచాం. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. మోకాళ్ళు దులుపుకుంటూ వాచ్‌మన్ నా దగ్గర ఆగాడు.

"యా ఊరు పాపా?"

చెప్పాను. ఊఁ అన్నాడు.

సారు గదిలోంచి పరుగున వచ్చారు. పడిపోయావా, కళ్ళు తిరిగాయా అన్నారు. వాచ్‌మన్‌నీ ఆ ముగ్గురినీ చూశారు, నన్ను చూశారు. చెడ్డ మనిషి కాదు. ముఖం పాలిపోయింది.

"నువ్వు బట్టల వైపు చూసుకో అమ్మా," అన్నారు మెల్లగా. "తప్పు పట్టడం లేదు. కానీ బోర్డు దగ్గర మనిషి చీకట్లో నిలబడి ఉండాలి. నువ్వు నేల మీద ఉంటే మళ్ళీ దీపం ఎవరు వేస్తారు?"

న్యాయమైన మాటే. అందుకే ఇంకా మండింది. ఇన్నాళ్ళూ మొండికేసింది బట్టలు ఇస్త్రీ చేయడానికా? ఎవరెవరి పగలకో నా చోటు నేనెందుకు వదులుకోవాలి?

"నా వంతు మిగిలే ఉంది సార్," అన్నాను.

ఆయన ఆలోచించి, సరే, నేను హాలు మధ్యలో కూర్చుని చూస్తానన్నారు. అన్నీ ఆర్పాలి. చీకట్లో పది అంకెలు లెక్కపెట్టాలి. తర్వాత స్టేజీ మధ్యలో నిలబడ్డ మా క్లాసు అమ్మాయి ముఖం మీద ఒక్క దీపం, నెమ్మదిగా. వాచ్‌మన్, ఆ ముగ్గురూ, మేం బయటుంటాం సారూ అని వెళ్ళిపోయారు. నాయన వెళ్ళలేదు. నేను గాజు గదిలోకి పోతే, ఎవరినీ అడక్కుండా నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"నాయనా, ఇప్పుడు నేను ఆర్పుతా. కరెంటు పోయేది కాదు. నేనే."

"తెలిసెలే. కానియ్యి."

మీట కిందికి లాగాను. చీకటి పడిన మరుక్షణం మోకాళ్ళు మడతపడ్డాయి. బోర్డు మీద నుంచి చెయ్యి జారిపోతోంది. అప్పుడే నెత్తి మీద అరచెయ్యి పడింది. గట్టిగా, వెడల్పుగా, వెచ్చగా. నన్ను కిందికి అదిమింది. ఆయన కూడా నా పక్కనే కూలబడ్డాడని చొక్కా వాసనని బట్టి తెలిసింది. ఇద్దరం బోర్డు కింద నేల మీద ఉన్నాం. తల మీద కాపలా ఉంది కదా, ఇక తల కాచుకోవడానికి నా చేతులతో పని లేదు. కుడి చెయ్యి పైకి చాచి, తడిమి, మీట పట్టుకున్నాను.

అంకెలు లెక్కపెట్టాను. నెమ్మదిగా మీట పైకి తోశాను.

గాజులోంచి వెలుతురు మా పైన గోడ మీద పడింది. స్టేజీ మీద ఆ అమ్మాయి ముఖం వెలిగి ఉంటుంది. మాకు కనపడదు.

హాలు మధ్యలోంచి సారు గొంతు వినిపించింది. "బాగుంది. సరిగ్గా పడింది. బోర్డు నీదే." ఆయన ఉన్న చోటు నుంచి చూస్తే గాజు వెనక ఎవరూ లేరని తర్వాత చెప్పారు.

"ఇదేనా పాపా నువ్వు సదివేది?" అన్నాడు నాయన, నేల మీద నుంచే, గుసగుసగా.

"ఔ నాయనా."

"ఆర్పేది ఎవురైనా ఆర్పుతారులే. మళ్ళా ఎలిగించేది నువ్వేనా?"

"నేనే."

"అట్లయితే సరే," అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. హాల్లో దీపాలు ఇంకా వెయ్యలేదు కదా. నేనూ వెంటనే వెయ్యలేదు.